సేద్యానికి అదను – అప్పుకు గడువు

సేద్యం చేసేవారికి అదను విలువ మరొకరు చెప్పనక్కరలేదు. పదును ఉండగానే దుక్కి దున్నాలి. వారం ఆలస్యమైతే విత్తనం అదే, నేల అదే అయినా దిగుబడి అదే కాదు. అయితే ఆకాశాన్నీ కార్తెలనూ ఇంత శ్రద్ధగా గమనించే కుటుంబాలలో సైతం, "మీ పంట రుణం గడువు తేదీ ఎప్పుడు?" అని అడిగితే జవాబు కొరకు తడుముకొనేవారు ఉంటారు. కాగితం ట్రంకు పెట్టెలో ఎక్కడో ఉంటుంది. బ్యాంకు పంపిన సందేశం ఫోనులో వందలాది ఇతర సందేశాల కింద పడి ఉంటుంది. సొమ్ము చేతిలో ఉండి కూడా తేదీ తెలియక నష్టపోవటం అన్ని నష్టాలలోకీ విచారకరమైనది. దీనిని నివారించటానికి పెద్ద చదువు అవసరం లేదు. ఒక చిన్న పద్ధతి చాలును. ఆ పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఒక్క తేదీ ఖరీదు ఎంత?

కిసాన్ క్రెడిట్ కార్డు పథకం 1998లో ప్రారంభమైనది. స్వల్పకాలిక పంట రుణాలను 7 శాతం వడ్డీకి అందించే ఏర్పాటు, కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీతో, 2006-07లో మొదలైనది. సకాలంలో చెల్లించిన రైతుకు అదనపు ప్రోత్సాహకం 2009-10లో 1 శాతంగా ఆరంభమై, 2011-12 నుండి 3 శాతానికి పెరిగినది. అనగా 3 లక్షల రూపాయల వరకు పంట రుణం తీసుకొని గడువులోగా చెల్లించిన రైతుపై పడే వడ్డీ భారం 4 శాతమే.

దీనిని రూపాయలలో చూద్దాం. లక్ష రూపాయల రుణానికి ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ 7,000 రూపాయలు. సకాలంలో చెల్లిస్తే 4,000 రూపాయలు. తేడా 3,000 రూపాయలు. మూడు లక్షల రుణమైతే తేడా 9,000 రూపాయలు. గడువు ఒక్క రోజు దాటినా ఈ ప్రోత్సాహకానికి అర్హత పోతుంది. అంతటితో ఆగదు; గడువు తరువాతి కాలానికి రాయితీ లేని సాధారణ వడ్డీ రేటు వర్తిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి ముఖ్యంగా గమనించాలి. ఈ ప్రోత్సాహకం రుణం తీసుకొన్న నాటి నుండి గరిష్ఠంగా ఒక సంవత్సరానికే వర్తిస్తుంది. బ్యాంకు నిర్ణయించిన గడువు అంతకంటె ముందే ఉంటే ఆ గడువే లెక్కకు వస్తుంది. "ఏడాది ఉన్నది కదా" అని ఊహతో ఉండిపోకండి. మీ పంటకు, మీ ఖాతాకు వర్తించే తేదీ ఏదో, ఈ సంవత్సరం రాయితీ నిబంధనలు ఏమిటో శాఖలో అడిగి, ఆ తేదీని పాసుపుస్తకం అట్టపై వ్రాయించుకొనండి.

తేదీలన్నీ ఒకే చోట

ప్రతి ఇంటిలో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటుంది. తిథులు, పండుగలు చూసుకొనే ఆ క్యాలెండరు మీదనే డబ్బుకు సంబంధించిన తేదీలను కూడా ఎర్ర సిరాతో గుర్తించండి. ఇంటిల్లిపాదికీ కనిపించే చోట ఉండటం దీని ప్రయోజనం. తేదీ ఇంటి యజమానికి మాత్రమే తెలిసి ఉంటే, ఆయన ఊరిలో లేనప్పుడో, అనారోగ్యంతో ఉన్నప్పుడో గడువు దాటిపోతుంది. గుర్తించవలసినవి ఇవి:

1. పంట రుణం గడువు తేదీ.
2. ట్రాక్టరు, బోరు మోటారు, పాడి పశువుల వంటి దీర్ఘకాలిక రుణాల వాయిదాలు.
3. బంగారు ఆభరణాలపై తీసుకొన్న రుణం గడువు. దీనిని మరచిపోతే నగలు వేలం వరకు వెళ్ళే ప్రమాదం ఉన్నది.
4. పంట బీమా నమోదుకు చివరి తేదీ, ఇతర బీమా ప్రీమియంల తేదీలు.
5. మహిళా సంఘంలో సభ్యులైతే సంఘం వాయిదా తేదీ.

తేదీని గుర్తిస్తే సరిపోదు. అక్కడి నుండి వెనుకకు లెక్కించాలి. గడువు మార్చి 20 అనుకుందాం. ధాన్యం అమ్మిన సొమ్ము ఖాతాలో జమ కావటానికి కొన్ని రోజులు పట్టవచ్చును. మధ్యలో సెలవులు రావచ్చును. కావున ఫిబ్రవరి 20వ తేదీ వద్ద మరొక గుర్తు పెట్టండి. ఆ రోజున సొమ్ము ఎంత సిద్ధంగా ఉన్నదో, ఇంకా ఎంత కావాలో చూసుకొనండి. నెల రోజుల ముందు తెలిసిన కొరతకు ఏదో ఒక దారి దొరుకుతుంది. గడువు రోజున తెలిసిన కొరతకు వడ్డీ వ్యాపారి గుమ్మమే దారి అవుతుంది.

పంట బీమా విషయంలో కాలం ఇంకా తక్కువ. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన అమలులో ఉన్న చోట, వడగండ్ల వాన వంటి స్థానిక విపత్తు వల్ల పంట నష్టపోతే 72 గంటలలోగా సమాచారం అందించాలి. అనగా మూడు రోజులే. ఆ దుఃఖంలో కాగితాల కొరకు వెదుకులాడే పరిస్థితి రాకుండా బీమా రసీదును, తెలియజేయవలసిన ఫోను నంబరును ముందే ఒక చోట ఉంచుకొనండి.

ఫోనులో పేరుకొన్న చెత్త

పొలంలో కలుపు పెరిగితే పైరు కనిపించదు. ఫోనులో అక్కరలేని సందేశాలు పేరుకొంటే అవసరమైన సందేశం కనిపించదు. పైగా ఫోనులో స్థలం నిండిపోతే కొన్ని ఫోనులలో కొత్త సందేశం రానే రాదు. వాట్సాప్‌లో రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు, వీడియోలు వాటంతట అవే దిగి స్థలాన్ని ఆక్రమిస్తాయి. అవి తమంతట తాము దిగకుండా సెట్టింగులలో ఆపివేయవచ్చును. ఇంట్లో చదువుకొంటున్న పిల్లలను అడిగితే ఐదు నిమిషాలలో చేసిపెడతారు.

సందేశాలను వేరు చేయటానికి ఒక సులభమైన గుర్తు ఉన్నది. 2025 నుండి సంస్థలు పంపే సందేశాలలో పంపినవారి పేరు చివర ఒక గీత, దాని తరువాత ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటున్నది. "పి" అంటే ప్రచారం. "ఎస్" అంటే సేవా సమాచారం. "టి" అంటే లావాదేవీ. "జి" అంటే ప్రభుత్వ సమాచారం. ప్రచార సందేశాలను వారానికి ఒకసారి తుడిచివేయండి. మిగిలిన వాటిని చదవకుండా తుడవకండి. ప్రచారం అసలే వద్దనుకొంటే 1909 నంబరుకు ఫోను చేసి ఆపివేయించుకొనవచ్చును.

మరొక ముఖ్య విషయం. బ్యాంకులో నమోదైన ఫోను నంబరు ఇప్పటికీ మీ చేతిలోనే ఉన్నదా? రీఛార్జి చేయక వదిలివేసిన నంబరును కొంతకాలానికి కంపెనీ వేరొకరికి కేటాయిస్తుంది. అప్పుడు మీ గడువు సందేశం మాత్రమే కాదు, మీ ఓ.టి.పి. కూడా అపరిచితుని ఫోనుకు వెళుతుంది. నంబరు మారిన రోజే శాఖకు వెళ్ళి మార్పించుకొనండి.

తొందరపెట్టేవారి పట్ల జాగ్రత్త

మోసగాళ్ళ ఆయుధం తొందర. "ఈ రోజే మీ ఖాతా ఆగిపోతుంది", "వెంటనే నొక్కితే పి.ఎం. కిసాన్ సొమ్ము వస్తుంది" అంటూ ఆలోచించే వ్యవధి ఇవ్వరు. ఈ నాలుగు మాటలు ఇంటిలో అందరికీ చెప్పి ఉంచండి.

మొదటిది, ఓ.టి.పి.ని, రహస్య సంఖ్యను ఏ బ్యాంకు ఉద్యోగీ అడగడు. రెండవది, యు.పి.ఐ.లో సొమ్ము పంపటానికే రహస్య సంఖ్య కావాలి. సొమ్ము అందుకోవటానికి అక్కరలేదు. మూడవది, వాట్సాప్‌లో ఎవరో పంపిన యాప్ ఫైలును, దానిపై ప్రభుత్వ పథకం పేరు ఉన్నా సరే, తెరవరాదు. నాలుగవది, బ్యాంకుల సేవా కాల్స్ కొరకు 1600తో, ప్రచార కాల్స్ కొరకు 140తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. సాధారణ నంబరు నుండి ఎవరైనా బ్యాంకు పేరు చెబితే మాట్లాడటం ఆపి, శాఖకు వెళ్ళి విచారించండి.

ఇంత జాగ్రత్త పడినా మోసం జరిగితే సిగ్గుపడి దాచుకొనకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి. సొమ్ము చేతులు మారక ముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటలలోనే ఎక్కువ.

కాగితాలకు ఒక సంచి

బ్యాంకు పని మీద ఒకసారికి బదులు మూడు సార్లు తిరగవలసి వస్తే పోయేది బస్సు ఛార్జీలు మాత్రమే కాదు, మూడు రోజుల పని. ఒక మంచి సంచిలో పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ నకలు, బీమా రసీదులు, సొమ్ము చెల్లించిన రసీదులు ఉంచండి. బయలుదేరే ముందు ఏ కాగితాలు కావాలో శాఖకు ఫోను చేసి అడగండి. బ్యాంకు మిత్ర వద్ద సొమ్ము జమ చేసినప్పుడు రసీదు తీసుకొనకుండా కదలవద్దు. రుణం పూర్తిగా తీరిన రోజున బాకీ లేనట్లు ధ్రువపత్రం అడిగి తీసుకొని, దానిని ఈ సంచిలోనే భద్రపరచండి.

పంట సొమ్ము వచ్చిన రోజు

ఏడాదిలో ఒకటి రెండు సార్లు మాత్రమే పెద్ద మొత్తం చేతికి వచ్చే కుటుంబాలకు ఆ రోజు చేసే నిర్ణయమే ఏడాది అంతటి నిర్ణయం. సొమ్ము వచ్చిన వారంలోనే దానిని నాలుగు భాగాలుగా విభజించండి: రుణ చెల్లింపు, తరువాతి పంట పెట్టుబడి, ఇంటి ఖర్చు, ఆపద కొరకు నిల్వ. రుణానికి కేటాయించిన భాగాన్ని గడువు వరకు ఇంట్లో ఉంచకండి. కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలో జమ చేస్తే ఆ మొత్తంపై వడ్డీ ఆ రోజు నుండే ఆగుతుంది; మంజూరైన పరిమితిలో అవసరమైనప్పుడు తిరిగి తీసుకొనవచ్చును. ఇంట్లో ఉన్న నగదుకు పెళ్ళిళ్ళు, పండుగలు, బంధువుల చేబదుళ్ళు అనే దారులు చాలా ఉంటాయి.

చేబదులు దొరకక వడ్డీకి వెళితే ఏమవుతుందో కూడా లెక్క చూడండి. "నూటికి రెండు రూపాయలు" అనే మాట వినటానికి చిన్నదిగా ఉంటుంది. అది నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలకు 24,000 రూపాయలు. సకాలంలో చెల్లించిన పంట రుణంపై పడే 4,000 రూపాయలకు ఇది ఆరు రెట్లు. గడువు తప్పక కాపాడుకొన్న బ్యాంకు ఖాతా, తరువాతి పంటకు ఈ ఆరు రెట్ల భారం నుండి మిమ్మల్ని కాపాడుతుంది.

వ్యాపార సోదరులకు

విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు విక్రయించే వ్యాపారులకు కూడా ఇదే సూత్రం. క్యాష్ క్రెడిట్ ఖాతా ఉన్నవారు సరుకు నిల్వల వివరణ పత్రాన్ని నెలనెలా బ్యాంకుకు ఇవ్వటం భారంగా భావించరాదు. మూడు నెలలకు మించి పాతదైన పత్రం ఆధారంగా తీసుకొన్న సొమ్మును సక్రమమైనదిగా పరిగణించరు. ఆ స్థితి ఎడతెగకుండా 90 రోజులు కొనసాగితే, వ్యాపారం బాగానే జరుగుతున్నా, ఖాతా నిరర్థక ఆస్తి కాగలదు. పరిమితిని పునరుద్ధరించే తేదీని కూడా దుకాణంలోని క్యాలెండరుపై గుర్తించుకొనండి.

దుకాణం సొమ్మును, ఇంటి సొమ్మును ఒకే యు.పి.ఐ. ఖాతాలో కలపవద్దు. రాత్రి దుకాణం మూసే ముందు పది నిమిషాలు కేటాయించి నగదు, యు.పి.ఐ. జమలు, అరువు పద్దులను సరిచూసుకొనండి. అరువు ఇచ్చేటప్పుడు మొత్తంతో పాటు రైతు పంట అమ్మే నెలను కూడా పద్దులో వ్రాసుకొనండి. ఆ నెలకు ముందు అడిగితే రైతు ఇవ్వలేడు. ఆ నెల దాటి అడిగితే సొమ్ము మరొక చోటికి వెళ్ళి ఉంటుంది. రైతుకు ఉన్న అదనే మీకూ అదను.

వారానికి అరగంట

పై విషయాలన్నీ ఆచరణలో పెట్టటానికి వారానికి అరగంట చాలును. సంత రోజునో, ఆదివారం సాయంత్రమో, మీకు వీలైన ఒక సమయాన్ని నిర్ణయించుకొనండి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని మొదట క్యాలెండరు చూడండి. రానున్న నెల రోజులలో ఏ తేదీ ఉన్నదో గమనించండి. తరువాత ఫోనులోని సందేశాలు చదివి, అక్కరలేనివి తుడవండి. చివరగా ఆ వారం రసీదులను సంచిలో వేసి, ఖర్చులను పుస్తకంలో వ్రాయండి.

ఏ సంవత్సరమైనా వాన తప్పి, పంట పోయి, గడువులోగా చెల్లించలేమని తోస్తే బ్యాంకుకు ముఖం చాటు చేయకండి. గడువుకు ముందే శాఖ మేనేజరును కలిసి పరిస్థితి వివరించండి. ప్రకృతి వైపరీత్యాలు ప్రకటించిన ప్రాంతాలలో రుణాల గడువును సవరించటానికి నిబంధనలలో అవకాశం ఉన్నది. అయితే ముందుగా వచ్చి అడిగినవారికి దారి చూపటం సులభం; గడువు దాటి నోటీసు అందుకొన్న తరువాత అదే దారి కష్టమవుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట అప్పు విషయంలోనూ అక్షర సత్యం. ఈ రోజే మీ పాసుపుస్తకం తీసి గడువు తేదీ చూడండి. అది కనిపించకపోతే రేపటి మొదటి పని శాఖకు వెళ్ళి అడగటమే.