పది బకెట్ల ఇల్లు



అమెరికాలో చాలా కుటుంబాలు సెలవుల్లో ఆర్‌వీలో, అంటే వంటగది, బాత్‌రూమ్ ఉన్న బండిలో, తిరుగుతాయి. యోసెమిటీ నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లలో ఆ బండికి నీటి కనెక్షన్ ఉండదు. ట్యాంకులో నింపుకున్న నీళ్లే వాడుకోవాలి. 40 గ్యాలన్ల ట్యాంకంటే సుమారు 150 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు పది! అందుకే ఒళ్లు తడుపుకొని షవర్ కట్టేస్తారు, సబ్బు రుద్దుకున్నాకే మళ్లీ తిప్పుతారు. వాడిన నీళ్లు వేరే ట్యాంకులో చేరతాయి. అది నిండితే, మంచినీళ్లు మిగిలినా వాడలేరు.

ఈ ఆదివారం ఇంట్లో కుళాయి బదులు బకెట్‌తో నీళ్లు వాడండి. ఒక్కో బకెట్‌కు పిల్లలతో ఒక గీత గీయించండి. పదో గీత ఎన్ని గంటలకు పడిందో డైరీలో రాయించి పంపండి. సోమవారం క్లాసులో దాని గురించే మాట్లాడుకుంటాం.