నొక్కినచో నిలిచిపోవు యంత్రము

కారు రంగునకు మెరుగుపెట్టు చిన్న యంత్రమొకటి క్రొత్తగా కొన్న విద్యార్థి యొకడు తరగతి ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, గాల్లో పట్టుకుంటే గిర్రున తిరుగుతోందండీ. బానెట్ మీద పెట్టి కాస్త గట్టిగా నొక్కితే చాలు, ప్యాడ్ ఆగిపోతోంది. మోటారు మాత్రం మోగుతూనే ఉంది. షాపువాడు పాడైపోయింది అంటగట్టాడంటారా?” అని అడిగినాడు. అతనికి చెడిన సరకును ఎవరును అంటగట్టలేదు. నొక్కినప్పుడు తిరుగుట మానుకొనుటయే ఆ యంత్రము యొక్క ప్రధానగుణమనియు, దానిని రూపొందించినవారి బుద్ధికౌశలము చాలవరకు ఆ నిలిచిపోవుటలోనే కలదనియు నేను చెప్పగా, ఆ మాట అతనికి తొలుత పరిహాసముగా తోచినది. బజారులో డి.ఏ. పాలిషరు అను పేర చెల్లుచున్న ఈ ద్విచలనయంత్రమును గూర్చి వ్రాయవలెనను కోరిక నాకు చిరకాలముగా ఉన్నది. ఆ ప్రశ్న మంచి నెపమైనది.

యంత్రము సంగతికి ముందు అది పనిచేయవలసిన పొర సంగతి చెప్పవలెను. వెనుకటి అంబాసిడరు కారును పాలిషు పెట్టి రుద్దినవారికి, గుడ్డకు కారురంగు అంటుకొనుట అనుభవములోనిదే. రంగును, మెరుపును ఒకే పూతలో ఉండుట దానికి కారణము. నేటి కార్లలో అట్లు కాదు. లోహముపై తుప్పును ఆపు పూత, దానిపై ప్రైమరు, ఆపై రంగు, అన్నిటికిని పైన వర్ణరహితమైన క్లియరుకోటు ఉండును. ఇవన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రాన్లకు మించవు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అందులో మెరుపునకు ఆధారమైన క్లియరుకోటు వాటా 40, 50 మైక్రాన్లు మాత్రమే, అనగా తలవెండ్రుక మందముకంటెను తక్కువ. ఎండలోని అతినీలలోహితకిరణములను పీల్చి క్రింది రంగును కాపాడు ద్రవ్యములును ఈ పలుచని పొరయందే కలవు. కావున కారునకు మెరుగుపెట్టుట యనగా, మరల పెరుగని పొరనుండి ఒకటి రెండు మైక్రాన్లను సమముగా తీసివేసి, దానిపై పడిన గీత యొక్క లోతువరకు ఉపరితలమునే దించుట. క్రొత్తగా ఈ పనికి పూనుకొనువారు మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి ఇదియే.

ఆ గీతలు ఎట్లు వచ్చును? అపార్టుమెంటు సెల్లారులలో ప్రతి ఉదయము ఒకే బకెట్టు నీటితో, ఒకే గుడ్డతో వరుసగా అన్ని కార్లను తుడుచుట మనకు తెలిసినదే. గుడ్డలో చిక్కుకొన్న ఇసుకరేణువులు క్లియరుకోటుపై సన్నని గీతలు గీయును. గీత లోతు ఒక మైక్రానే అయినను కాంతి తరంగదైర్ఘ్యము అంతకంటె తక్కువగుటచే, అది కంటికి పట్టుబడక తప్పదు. ఇచట ఒక వింత కలదు. ఎండలో నల్లకారు బానెట్టును చూచినప్పుడు సూర్యబింబపు ప్రతిఫలనము చుట్టును గీతలన్నియు వలయములుగా తోచును. తుడిచినవాడు గుండ్రముగా తుడుచుటచేతనే ఇట్లయినదని పలువురు వానిని నిందింతురు. నిజమునకు గీతలు అన్ని దిక్కులకును చెదరియుండును. వానిలో కాంతి వచ్చు దిక్కునకు అడ్డముగా పడినవి మాత్రమే మన కంటివైపు కాంతిని మరలింపగలవు. అట్టివి ఏరుకొని చూచినచో వలయములుగానే కనబడును. మీరు ఒక అడుగు ప్రక్కకు జరిగినచో వలయకేంద్రమును మీతో కూడ జరుగును. పాపము, తుడిచినవాని చేతివాటమునకు ఆ వలయములతో ఏ సంబంధమును లేదు.

ఈ గీతలను తీయుటకు డెంటింగు, పెయింటింగు షెడ్లలో చిరకాలమునుండి వాడుచున్నది రోటరీ బఫింగు యంత్రము. మోటారు ఇరుసు కొననే ప్యాడు బిగించియుండుటచే అది ఒకే కేంద్రము చుట్టును, ఒకే దిక్కునకు తిరుగును. 15 సెంటీమీటర్ల ప్యాడు నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో దాని అంచువేగము సెకనుకు దాదాపు 12 మీటర్లగును, నడుమ మాత్రము శూన్యము. అంచువద్ద అంత వేగమును, దానికి తోడు మనిషి చేతి ఒత్తిడియు కలిసినచో పుట్టు ఉష్ణము సామాన్యమైనది కాదు. ఉక్కురేకు ఆ ఉష్ణమును త్వరగా నలుదెసలకు పంపివేయగలదు గాని ప్లాస్టికు బంపరు పంపలేదు. కొత్త చేతులలో రంగు కాలుట మొదట అచటనే జరుగును. పదునైన మలుపులవద్ద పూత స్వభావముననే పలుచన, ఒత్తిడియంతయు ఆ సన్నని అంచుపైననే పడును, రెండు క్షణములలో ప్రైమరు బయటపడును. కాలకుండ కాపాడుకొన్నను మరియొక చిక్కు కలదు. రేణువులన్నియు ఒకే దిక్కున సాగుటచే అవి విడిచిన సూక్ష్మరేఖలు సమాంతరముగా వరుసకట్టి, ఎండలో కారు చుట్టును నడచువానికి తళతళలాడు చాలువలె తోచును. పనివారు దీనిని హోలోగ్రాము అందురు. సిద్ధహస్తుడైన పనివాడు ఈ యంత్రముతోనే అద్దమువంటి మెరుపు తీయును, నేను కాదనను. కాని ఆ చేయి ఏండ్ల తరబడి సాధించినది, బజారులో దొరకునది కాదు.

ఇక ద్విచలనయంత్రము. ఇందులో ప్యాడును మోటారు ఇరుసు కొనకు బిగింపరు. ఇరుసు మధ్యరేఖనుండి నాలుగు మిల్లీమీటర్లు ప్రక్కకు జరిపి చిన్న ప్రక్కయిరుసును అమర్చి, దానిపై ఒక బాల్‌బేరింగును కూర్చి, ఆ బేరింగునకు ప్యాడు పలకను తగిలింతురు. మోటారు తిరిగినప్పుడు ప్రక్కయిరుసు 8 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తములో పరుగెత్తును. దానితోకూడ ప్యాడంతయు పరుగెత్తును. ఇది పరిభ్రమణము. తిరుగలిపిడిని పట్టిన పిడికిలి గుండ్రముగా పోవుచున్నను వ్రేళ్లు మాత్రము ఎల్లప్పుడు ఒకే దిక్కునకు ఉండునట్లు, పరిభ్రమణములో ప్యాడు తన చుట్టు తాను తిరుగవలసిన అగత్యము లేదు. తన చుట్టు తాను తిరుగుట, అనగా భ్రమణము, రెండవ చలనము. దానిని మోటారు నేరుగా పుట్టింపదు. బేరింగులోని స్వల్పఘర్షణ మాత్రమే ప్యాడును తనతో ఈడ్చుకొనిపోవును. గాలిలో దానిని అడ్డువారు లేరు గనుక ప్యాడు గిర్రున తిరుగును. బానెట్టుపై మోపిన వెంటనే రంగు పట్టు బేరింగు ఈడ్పును ఎదుర్కొని, భ్రమణవేగము తగ్గిపోవును. ఇంకను నొక్కితిమా, ఈడ్పు ఓడిపోవును, ప్యాడు తిరుగుట మానును. మోటారు మ్రోగుచునే యుండును, పరిభ్రమణము సాగుచునే యుండును, కాని కోత బొత్తిగా తగ్గిపోవును. ఏలయన ప్యాడులోని మెత్తని నురుగు అటునిటు వంగి, ఆ 8 మిల్లీమీటర్ల కదలికను చాలవరకు తనలోనే మ్రింగివేయును. చేయి మితిమీరిన క్షణముననే యంత్రము తన పదును తానే విడుచునన్నమాట. దీనికై ఏ మీటయు, ఏ విద్యుత్‌పరికరమును పెట్టలేదు. ఒక వదులైన బేరింగు చేసినది ఇంతయు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత వివేకమును చూపిన కల్పన మరియొకటి నేను పనిముట్లలో చూడలేదు.

అంతేకాదు. భ్రమణవేగము చేతి ఒత్తిడినిబట్టి క్షణక్షణము మారుటచే రెండు చలనముల నిష్పత్తి నిలుకడగా ఉండదు; ఏ రేణువును తాను ముందు నడచిన జాడను మరల త్రొక్కదు. వరుసకట్టిన రేఖలు లేవు గనుక హోలోగ్రాము పుట్టదు. వేగమును లెక్కించినచో భద్రత మరింత తేటపడును. నిమిషమునకు 6000 పరిభ్రమణములైనను 8 మిల్లీమీటర్ల వృత్తములో వేగము సెకనుకు రెండున్నర మీటర్లు మాత్రమే. రోటరీ అంచున పండ్రెండు మీటర్లుండెనని చదువరులు మరువరాదు. పైగా ఈ రెండున్నర మీటర్లు అంచునకు ఎంతో నడుమకును అంతే.

ఇంతటి మేలునకు వెల చెల్లింపవలసినది చేతులే. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసార్ధములో సెకనుకు నూరుమారులు తిరుగు వస్తువునకు కలుగు త్వరణము గురుత్వత్వరణమునకు దాదాపు 160 రెట్లు. పలకయు ప్యాడును కలిసి పావుకిలో తూగినవనుకొన్నచో, నలువది కిలోల బరువంత బలము సెకనుకు నూరుమారులు దిక్కు మార్చుకొనుచు మన మణికట్టును కుదుపును. అందుచే ప్రక్కయిరుసునకు ఎదురువైపున ప్రతిభారమొకటి పెట్టుదురు. అది ఈ కుదుపును ఎదురులాగి చల్లార్చును. అయితే ప్రతిభారమును ఒక నిర్ణీతమైన ప్యాడు బరువునకు సరిపోవునట్లే తూచి పెట్టుదురు. కొన్ని యంత్రములకు 5 అంగుళముల ప్యాడునకు ఒకటి, 6 అంగుళముల ప్యాడునకు ఒకటి చొప్పున వేర్వేరు ప్రతిభారములుండెడివి. అందిన ప్యాడునెల్ల తగిలించి చేతులు తిమ్మిరెక్కినవని వాపోవువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఈ యంత్రము కారుకొరకు పుట్టినది కాదు. వడ్రంగి కొయ్యను గరుకుకాగితముతో నునుపుచేయుటకు దీని పూర్వులు పుట్టిరి. జర్మనీలోని ఫెస్టో సంస్థ 1951లో కక్ష్యాచలనము గల సాండరును తెచ్చినది. కొయ్యపై అడ్డగీతలు పడకుండుటయే అచటను సమస్య. అమెరికాలో 1906లో సిరక్యూజు నగరమున వెలసిన పోర్టరు కేబులు వారు, తమ కొయ్య సాండరు శరీరమునకే నురుగుప్యాడు తగిలించి 7424 అను సంఖ్యతో పాలిషరుగా అమ్మగా, ఇంటిముంగిట కారు కడుగుకొను గృహస్థులు దానిని నెత్తిన పెట్టుకొనిరి. షెడ్డుపనివారు మాత్రము చాలకాలము దానిని పిల్లల ఆటవస్తువుగా చూచిరి. లోతైన గీత తీయుటకు దానికి సత్తువ చాలదని వారి ఆక్షేపణ, అది కొంత నిజమే.

ఆ ఆక్షేపణకు యూరపులో రెండు సమాధానములు పుట్టినవి. ఈ స్పర్ధ నాకు మిక్కిలి ప్రియమైనది. బేరింగు ఈడ్పును నమ్మక, ప్యాడును పండ్లచక్రముతో బలవంతముగా త్రిప్పవలెనని జర్మనులు తలచిరి. ఫెస్టో వారి రోటెక్సు సాండరు 1982 నాటికే ఆ త్రోవ త్రొక్కినది. యాంగిలు గ్రైండరుకు పేరుపొందిన ఫ్లెక్సు వారు దానిని పాలిషరులో నిలిపిరి. అందులో సుమారు ఇరువది పరిభ్రమణములకు ఒక భ్రమణము ఖాయము. ఎంత నొక్కినను ఆగదు. మిలాను నగరమునకు చెందిన రూపెస్ వారు మాత్రము బేరింగు స్వేచ్ఛను చెరుపక, కక్ష్యనే 15, 21 మిల్లీమీటర్లకు పెంచిరి. నురుగు ఎంత మ్రింగినను మిగులునంత కదలిక ఉండును గదా! 21 మిల్లీమీటర్ల కక్ష్యలో నిమిషమునకు 4000 పరిభ్రమణములన్నచో వేగము సెకనుకు దాదాపు నాలుగున్నర మీటర్లు. ప్రతిభారపు లెక్కను మాత్రము వారు మొదటినుండి మరల చేయవలసివచ్చినది, ఏలయన పరిభ్రమణముల సంఖ్య తగ్గించినను త్వరణము మునుపటికంటె హెచ్చే. పండ్లచక్రపు యంత్రము శీఘ్రముగా పనిచేయుననుట నిజమే అయినను, నా ఓటు మిలాను వారికే. ఆగుటకు వీలులేని యంత్రము రోటరీకి దగ్గరి చుట్టము.

క్రొత్తవారు చేయవలసినది ఇంతే. కారును కడిగి, డిటెయిలింగు క్లేతో అంటుకొన్న మలినమును తీసివేసి, నీడలో చల్లారిన రేకుపై పని మొదలిడవలెను. ప్యాడు పలక అంచున మార్కరుతో ఒక గీత గీయుడు. పనిచేయునప్పుడు ఆ గీత నెమ్మదిగా తిరుగుచు కనబడినచో ఒత్తిడి సరియైనది, నిలిచినచో ఎక్కువైనది, లేదా ప్యాడు ఒక ప్రక్కకు ఒరిగినది. వంపుగల డోరుపై ఈ గీతయే మీ గురువు. ఒక్కసారికి రెండు చేతుల వెడల్పు మించిన చోటును పట్టవలదు. యంత్రమును సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి నడపవలదు. మెత్తని ప్యాడు, సన్నని పాలిషుతో ఒక మూల పరీక్షించి, చాలనప్పుడే గట్టిదానికి పోవలెను. అంచులను, ప్లాస్టికు అతుకులను టేపుతో కప్పుడు. ప్యాడులో అరిగిన క్లియరుకోటు ముద్దకట్టుచుండును, అపుడపుడు బ్రష్షుతో దులుపవలెను.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. పోర్టరు కేబులు చేతులు మారి బ్లాకు అండు డెకరు నీడ చేరినది. చైనానుండి చౌక నమూనాలు వచ్చినవి. బ్యాటరీ యంత్రములు వచ్చినవి. సిలికా ఆధారమైన సిరామికు కోటింగు వాడుక హైదరాబాదు వీధులకును చేరినది. కోటింగు వేయించువారిని నేను కోరునది ఒక్కటే: గీతలు తీయకుండ పైన పూసినచో ఆ గీతలు పూత క్రింద అట్లే నిలిచియుండును గనుక, పాలిషు పని ముగిసిన తరువాతనే దానిని వేయింపుడు. ఇక యంత్రమును కొనదలచువారికి నా మనవి: దానికి ముందు రెండవ బకెట్టును, నాలుగు మైక్రోఫైబరు గుడ్డలను కొని, సబ్బునీరు ఒకదానిలోను, గుడ్డ జాడించు నీరు మరియొకదానిలోను ఉంచుకొనుడు. సగము గీతలు పడనే పడవు.