వీడియో వేగం అందుకోవాలా?

మా వదిన హాల్లో టీవీ స్టాండ్‌కి ఫోన్ ఆనించి వ్యాయామం వీడియో పెట్టుకుంటుంది. 20 సెకన్లు గెంతడం, 10 సెకన్లు ఆగడం. కాసేపటికే ఆయాసపడి, "నా వల్ల కాదమ్మా" అని కూలబడింది.

ఈ 20-10 పద్ధతికి జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా పేరే పెట్టారు. 1996లో వెలువడిన ఆయన పరిశోధనలో పాల్గొన్నది వ్యాయామవిద్య చదివే కుర్రాళ్లు. వాళ్లు గెంతలేదు, కదలని సైకిలు తొక్కారు. యాభై దాటిన మనిషి ఆ జోరు అందుకోలేకపోతే అందులో ఆమె లోపమేముంది?

ఇప్పుడు వదిన గెంతే చోట కాళ్లు ఒక్కొక్కటిగా పక్కకు వేస్తోంది. పుషప్‌లు వంటగట్టు ఆసరాగా చేస్తోంది. ఆసరా ఎత్తు పెరిగేకొద్దీ చేతుల మీద బరువు తగ్గుతుంది. స్క్వాట్లంటే కుర్చీలో కూర్చుని లేవడమే. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి: మధ్యస్థ శ్రమకు అదే గుర్తు. పెద్దవాళ్లకు వారానికి అలాంటి శ్రమ కనీసం 150 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసుకున్నా లెక్కే. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం వెంటనే ఆపేసి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి.