పిల్లి చర్మం కింద పురుగులా..? వైరల్ వీడియో చూసి పిండేయొద్దు.. హైదరాబాద్‌లో అసలు సమస్య వేరే!

రీల్స్‌లో ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. పిల్లి మెడ మీద చిన్న రంధ్రం.. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి ట్వీజర్‌తో మెల్లగా లాగుతుంది.. వేలి కొసంత లావు పురుగు మెలికలు తిరుగుతూ బయటికి వస్తుంది. చూడలేం, అలాగని స్క్రోల్ చేసి వదిలేయలేం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టాలు ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. ఆ మర్నాడే కొండాపూర్ ఫ్లాట్‌లో మన పిల్లి మెడ గోక్కుంటే మొదటి అనుమానం అదే.. "దీనికీ లోపల పురుగుందా? పిండి చూద్దామా?"

వద్దు. ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది క్యూటెరెబ్రా అనే ఈగ లార్వా. అది ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలది. అక్కడ కుందేళ్లు, ఎలుకలు తిరిగే బొరియల దగ్గర ఆ ఈగ గుడ్లు పెడుతుంది. వేటకెళ్లిన పిల్లికి లార్వా అంటుకుని, చర్మం కిందకి చేరి, గాలి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం ఉంచుకుని పెరుగుతుంది. అక్కడి డాక్టర్లు కూడా దాన్ని ఇంట్లో పిండొద్దనే చెప్తారు. లోపల చిట్లితే పిల్లికి తీవ్రమైన ఎలర్జీ రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి డల్లాస్‌లో ఉన్నవాళ్లకి ఆ వీడియో పనికొస్తుంది. గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకి పనికిరాదు.

మరి మన దగ్గర ఏముంటాయి? ప్రధానంగా రెండు. ఒకటి కంటికి కనిపించదు, రెండోది కనిపిస్తే కడుపులో తిప్పుతుంది. మొదటిదానికి వారంలోపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండోదానికి ఇవాళే.. ఆఫీస్‌కి లీవ్ పెట్టైనా సరే.

చెవి అంచున మొదలవుతుంది..

మొదటిది గజ్జి. నోటోఎడ్రెస్ క్యాటి అనే మైట్ వల్ల వస్తుంది. మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండదు. ఆడ మైట్ పిల్లి చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ పోతుంది, దారి పొడవునా గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో గుడ్లు పగులుతాయి. దాదాపు మూడు వారాల్లోపే పిల్లలు పెద్దవై మళ్లీ తవ్వడం మొదలుపెడతాయి. "చర్మం కింద పురుగులు" అనే మాట అక్షరాలా సరిపోయేది దీనికే.

దీని దారి చూస్తే గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ముందు చెవుల అంచు మీద బూడిద రంగు పొట్టు కడుతుంది. అక్కడి నుంచి ముఖం, కనురెప్పలు, మెడ. ఆ తర్వాత ముందు కాళ్లు, తోక కింద భాగం. ఎందుకలా అంటే.. పిల్లి కాలితో ముఖం తుడుచుకుంటుంది, నిద్రపోయేటప్పుడు చుట్ట చుట్టుకుని ముఖాన్ని తోక దగ్గర పెట్టుకుంటుంది. మైట్ ఆ దారినే ప్రయాణిస్తుంది. చర్మం దళసరెక్కి ముడతలు పడుతుంది. దురద ఎంతలా ఉంటుందంటే రక్తం వచ్చేదాకా గోక్కుంటుంది, తిండి కూడా తగ్గించేస్తుంది. పిల్లి కూనలైతే తొందరగా నీరసించిపోతాయి.

ఐటీ కారిడార్‌లో ఇది ఇళ్లలోకి వచ్చే దారి కూడా ఊహించదగ్గదే. మాదాపూర్, నల్లగండ్ల, మణికొండ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఓ తల్లి పిల్లి, దానికి నాలుగు కూనలు. ఎవరో ఒకరు జాలిపడి ఒక కూనని పైకి తెచ్చుకుంటారు. చాలా మంచి పని. కానీ తెచ్చిన రోజే ఇంట్లో ఉన్న పిల్లితో ఒకే పరుపు మీద పడుకోబెడితే, ఒకదాని మైట్స్ రెండోదానికి వచ్చేస్తాయి. కొత్త కూనని కనీసం రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి, ఈలోపు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అయితే బాత్‌రూమ్ అయినా పర్లేదు.

గాయం కంపు కొడుతోందా? అయితే ఆలస్యం వద్దు

రెండోది ఈగల పని. పల్లెల్లో "పుండుకి పురుగులు పడ్డాయి" అంటారే, అదే. బాల్కనీ గోడ దూకి కిందికి వెళ్లిన పిల్లి వేరే పిల్లితో కొట్లాడి, గాయంతో తిరిగొస్తుంది. జుట్టు కింద చిన్న పంటి గాటు.. పైకి కనపడదు. ఈగలకి మాత్రం ఆ వాసన తెలిసిపోతుంది. గుడ్లు పెట్టిన ఒక్క రోజులోపే అవి పగిలి లార్వాలు కండలోకి దిగుతాయి. వీటిలో క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ మరీ ప్రమాదకరం. మామూలు ఈగ పురుగులు ఎక్కువగా చచ్చిన కణజాలాన్ని తింటాయి. ఇది బతికున్న కండనే తింటుంది. తల లోపలికి, తోక బయటికి పెట్టి స్క్రూ బిగించినట్టు దిగుతుంది కాబట్టి ఇంగ్లిష్‌లో దీన్ని స్క్రూవార్మ్ అంటారు. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో ఉంటుంది, మన దేశంలోనూ ఉంది. 2024 నవంబర్‌లో మెక్సికోలో బయటపడి, అమెరికా పశువుల వ్యాపారాన్ని వణికించిన స్క్రూవార్మ్ దీనికి దూరపు చుట్టం.. జాతి వేరు, పని ఒకటే.

వానాకాలంలో ఇంకా జాగ్రత్త. తడి, చెత్త, ఈగలు.. మూడూ కలిసే కాలం అది. ఉదయం తొమ్మిదికి బయటికెళ్లి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్లకి, నిన్న రాత్రి చూసిన చిన్న గాటు ఇవాళ రాత్రికి పురుగుల పుండుగా మారడం అసాధ్యమేమీ కాదు. గుర్తు ఏంటంటే.. వాసన. పిల్లి దగ్గరికొస్తే కుళ్లిన కంపు, ఒకే చోట అదేపనిగా నాకడం, ముట్టుకుంటే మీద పడి కరవడం. ఆ చోట జుట్టు పక్కకి తీస్తే తడిగా రంధ్రం, లోపల కదలిక. బయటికి కనిపించే రంధ్రం బఠాణీ గింజంతే ఉన్నా, లోపల సొరంగం చాలా దూరం పోయి ఉండొచ్చు.

దారిలో మీరు చేయాల్సింది చాలా తక్కువ. గాయం మీద శుభ్రమైన గాజు గుడ్డ వదులుగా కప్పండి, ఇంకో ఈగ వాలకుండా. క్యారియర్‌లో పెట్టి తీసుకెళ్లండి. లోపల ఏమీ పోయొద్దు. క్లినిక్‌లో పిల్లికి మత్తు ఇచ్చి, జుట్టు తీసేసి, గాయం కడిగి, ఒక్కొక్క పురుగునీ ఫోర్సెప్స్‌తో ఏరతారు. చాలాసార్లు ఒక్క సిట్టింగ్‌లో అవ్వదు, మర్నాడు మళ్లీ రమ్మంటారు. విసుక్కోవద్దు, మిగిలిన ఒకటీ రెండూ చాలు మళ్లీ మొదటికి రావడానికి.

పిల్లిని చంపేది పురుగు కాదు.. ఇంటి వైద్యం!

ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి. గజ్జికైనా, పురుగుల పుండుకైనా మందులున్నాయి, టైమ్‌కి వెళ్తే నయమవుతాయి. ఆలోపు ఇంట్లో చేసే ప్రయోగాలే ప్రాణం మీదికి తెస్తాయి.

పశువుల పుండ్లకి ఊళ్లో వాడే టర్పెంటైన్, కొబ్బరినూనెలో కర్పూరం, కలరా ఉండల పొడి, సీతాఫలం ఆకు పసరు.. అమ్మమ్మ ఫోన్‌లో చెప్పే చిట్కాలన్నీ గేదె కోసం పుట్టినవి. గేదె బరువు నాలుగైదు వందల కిలోలు. మీ పిల్లి నాలుగు కిలోలు. పైగా గేదెలా ఊరుకోదు, ఒంటి మీద ఏది పూసినా పది నిమిషాల్లో మొత్తం నాకేస్తుంది. అంటే పూత మందు కాస్తా మింగే మందవుతుంది. కర్పూరం, కలరా ఉండలు, టర్పెంటైన్ మూడూ పిల్లికి విషమే. ఫినాయిల్, డెట్టాల్ కూడా అంతే. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకా పెద్ద ముప్పు పెట్ షాప్‌లో ఉంది. కుక్కల కోసం అమ్మే కొన్ని స్పాట్-ఆన్ మందుల్లో, పౌడర్లలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి పర్లేదు. పిల్లి లివర్‌లో దాన్ని విరిచి బయటికి పంపే ప్రక్రియ చాలా బలహీనం. కొన్ని గంటల్లోనే ఒళ్లు వణకడం, ఫిట్స్.. చనిపోవచ్చు కూడా. కుక్కల గజ్జికి వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి వద్దు. ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉంటే, కుక్కకి పెర్మెత్రిన్ మందు వేసిన రోజు రెండింటినీ కలవనివ్వొద్దు. ప్యాకెట్ మీద బొమ్మ కాదు, వెనకాల మందు పేరు చదవండి.

నొప్పితో అరుస్తోందని పారాసెటమాల్ వేసేవాళ్లూ ఉన్నారు. మనం వేసుకునే ఒక్క మాత్ర చాలు.. పిల్లి ప్రాణం పోవడానికి. కారణం మళ్లీ ఆ లివరే.

కరోనా టైమ్‌లో అందరికీ తెలిసిపోయిన ఐవర్‌మెక్టిన్ గురించి కూడా అడుగుతుంటారు. దాన్ని కనిపెట్టినందుకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకి 2015లో నోబెల్ వచ్చింది. గజ్జి మైట్స్‌ని చంపుతుంది, నిజమే. పిల్లులకి డాక్టర్లు ఇంజెక్షన్ రూపంలో ఇస్తుంటారు కూడా. కానీ ఆ డోసు కిలోకి మైక్రోగ్రాముల లెక్క. మెడికల్ షాప్‌లో దొరికే 12 మిల్లీగ్రాముల మాత్రని కత్తితో ముక్కలు చేసి ఆ లెక్క సాధించలేం. కూనలకి డోసు ఎక్కువైతే కోమాలోకి వెళ్లొచ్చు. అదే కుటుంబానికి చెందిన సెలామెక్టిన్ చుక్కలు పిల్లుల కోసమే తయారైనవి. వీపు పైన, మెడ వెనక, నాలుక అందని చోట వేస్తారు. ఏది, ఎంత అన్నది బరువు చూసి డాక్టరే చెప్పాలి.

ఒక డోసుతో దురద తగ్గగానే చాలామంది ఆపేస్తారు. ఇక్కడే దెబ్బతింటారు. ఈ మందులు తిరిగే మైట్స్‌ని చంపుతాయి కానీ గుడ్లని చంపవు. ఆ గుడ్లు పగిలాక వచ్చేవాటి కోసమే రెండో డోసు. ఇంట్లో నాలుగు పిల్లులుంటే, ఒక్కదానికే లక్షణాలున్నా, నాలుగింటికీ ఒకేసారి వైద్యం చేయించాలి. పరుపులు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మైట్స్ పిల్లి ఒంటిని వదిలి ఎక్కువ రోజులు బతకవు.

అన్నీ పురుగులే కావు

చర్మం కింద మెత్తటి ఉబ్బు, ముట్టుకుంటే వేడిగా ఉంటే అది చాలావరకు చీముగడ్డ.. కొట్లాటలో పంటి గాటు పైన మూసుకుపోయి లోపల చీము పట్టినది. గుండ్రంగా జుట్టు రాలిపోతే రింగ్‌వార్మ్ కావచ్చు. పేరులో వార్మ్ ఉంది కానీ అది పురుగే కాదు, తామర.. ఫంగస్. బొచ్చులో మిరియాల పొడిలాంటి నల్ల నలుసులు కనిపిస్తే తడి టిష్యూ మీద రాయండి. ఎర్రటి మరక వస్తే ఫ్లీస్ ఉన్నట్టే, అది వాటి రెట్టలో ఉన్న రక్తం. మైట్స్ అవునో కాదో తేల్చడానికి డాక్టర్ బ్లేడుతో చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కొన్ని నిమిషాల పని. ఆ టెస్ట్ చేయకుండానే మందు రాసిస్తుంటే చేయమని అడగండి.

గజ్జి పిల్లిని ఎత్తుకుంటే మనకీ చేతుల మీద, పొట్ట మీద చిన్న చిన్న దద్దుర్లు, దురద రావచ్చు. అయితే ఈ మైట్ మనిషి చర్మంలో సంతానం పెంచుకోలేదు. పిల్లికి నయమైతే మనకీ తగ్గుతుంది, తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌ని కలవండి. రింగ్‌వార్మ్ మాత్రం అలా కాదు, మనకి బాగానే అంటుకుంటుంది, మందు వాడాల్సిందే. ఈ తేడా తెలియకే "పిల్లి వల్ల పిల్లలకి రోగాలు" అంటూ వాటిని రాత్రికి రాత్రి కారులో తీసుకెళ్లి ఏ ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు దగ్గరో వదిలేస్తున్నవాళ్లున్నారు. తిండీ నీళ్లూ దొరక్క బాధపడే స్థితిలో జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. మూడు నాలుగు వారాల్లో నయమయ్యే జబ్బుకి ఈ శిక్ష దానికెందుకు?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ప్రైవేట్ పెట్ క్లినిక్‌లు చాలానే ఉన్నాయి. ఖర్చు భారమనుకుంటే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీకి చెందిన కాలేజీ ఉంది, గచ్చిబౌలి వైపు నుంచి ఓఆర్ఆర్ మీదుగా వెళ్లొచ్చు. ఓపీ టైమింగ్స్ ముందే కనుక్కోండి. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్‌కి ఫోన్ చేసి పిల్లి ఉందని చెప్పండి, క్యారియర్‌లో పాత టవల్ వేయండి. ఇంట్లో ఏదైనా ఇప్పటికే పూసేసి ఉంటే ఆ సీసా, ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది అదే.