4294967297
4294967297 ఒక బేసి సహజ సంఖ్య. అనగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది 2³² కు ఒకటి కలుపగా వచ్చిన సంఖ్య. ఒక మహా గణిత శాస్త్రజ్ఞుని ఊహను తప్పని తేల్చిన సంఖ్యగా ఇది ప్రసిద్ధి చెందినది.

2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి చొప్పున కలిపితే వరుసగా 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తరువాతివన్నీ కూడా ప్రధాన సంఖ్యలేనని ఫ్రాన్సుకు చెందిన పియెర్ ద ఫెర్మా 1640లో భావించాడు, కాని నిరూపించలేకపోయాడు. అందుకే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 65537 తరువాత వచ్చేదే 4294967297. 1732లో లియొనార్డ్ ఆయిలర్ ఇది 641 × 6700417 కు సమానమని చూపాడు.

ఈ సంఖ్య యొక్క ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలర్ నిరూపించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదవ ప్రయత్నంలోనే కారణాంకం దొరుకుతుంది! ఇంత దగ్గరలో ఉన్నది ఫెర్మా కంట పడకపోవడం విచిత్రమే.

భాగహారం చేయకుండానే దీనిని సరిచూడవచ్చు. 641 = 5 × 2⁷ + 1 కనుక, 5 × 2⁷ ను 641తో భాగిస్తే శేషం −1. నాలుగవ ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ కు శేషం 1. మరొకవైపు 641 = 5⁴ + 2⁴ కూడా. కాబట్టి 5⁴ కు బదులు −2⁴ వ్రాయవచ్చు. అప్పుడు −2³² కు శేషం 1 అవుతుంది. అనగా 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

ఇది 65536² + 1² గానూ, 62264² + 20449² గానూ రెండు వర్గాల మొత్తమవుతుంది. ప్రధాన సంఖ్యకు ఇలా రెండు విధాలు సాధ్యం కావు.

ఈ వరుసలో 65537 తరువాత మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు కనబడలేదు.