మీకు తెలుసా? పాప్ యుగంలో ఓ మెటల్ పల్లె

ఉత్తర జర్మనీలోని వాకెన్‌లో ఉండేది సుమారు 2 వేల మంది. చుట్టూ పొలాలు, పాడి పశువులు. ఏటా వేసవిలో మాత్రం ఆ పల్లెకు 80 వేలమందికి పైగా హెవీ మెటల్ సంగీత అభిమానులు జాతర కోసం తరలివస్తారు.

1990లో హోల్గర్ హ్యూబ్నర్, థామస్ యెన్సెన్ అనే ఇద్దరు స్థానిక కుర్రాళ్లు కంకర క్వారీలో ఈ జాతర మొదలుపెట్టారు. ఆరు బ్యాండ్లు, సుమారు 800 మంది శ్రోతలు, అంతే! రేడియోలు, చార్టులు పాప్ పాటలకే పట్టం కడుతున్నా ఈ సంగీతం నిలబడిందంటే ఇలాంటి మొండి అభిమానమే కారణం. ఏయే బ్యాండ్లు వస్తున్నాయో పూర్తిగా తెలియకముందే, కొన్ని గంటల్లో టికెట్లన్నీ అయిపోయిన సందర్భాలున్నాయి.

ఊరివాళ్లూ దీన్ని సొంత పండగలా చూసుకుంటారు. అక్కడి అగ్నిమాపక దళం వాళ్ల బూరల మేళం కూడా వేదికెక్కుతుంది. బీరు లారీల చక్రాలకు నేల చితికిపోకుండా 2017లో భూమిలోంచి ఏకంగా పైపులైనే వేశారు!

అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది 'మెటల్ బ్యాటిల్' పోటీ. రికార్డు కంపెనీల అండలేని కొత్త బ్యాండ్లు తమ దేశంలో గెలిచి ఇక్కడికొస్తాయి. పాత పేర్లనే నమ్ముకుంటే ఏ సంగీతమైనా ఎన్నాళ్లు బతుకుతుంది?

ఢిల్లీ బ్యాండ్ 'బ్లడీవుడ్' కూడా 2019లో వాకెన్ వేదికపై ఢోల్ మోగించింది.