ఇంటి మీడియా సర్వర్‌ను నెట్‌కు తెరిచి పెట్టారా? వెంటనే ఇవి చెక్ చేసుకోండి!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలు ఉద్యోగాలకని హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయిన ఇళ్లు చాలానే ఉన్నాయి. పెళ్లి వీడియోలు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం రికార్డింగులు, పాత ఫొటోలు.. అన్నీ ఇంట్లోని కంప్యూటర్‌లో పెట్టి ప్లెక్స్ లేదా జెల్లీఫిన్ ఇన్‌స్టాల్ చేస్తే అదే మీడియా సర్వర్. దూరంగా ఉన్నవాళ్లు కూడా చూడాలని కొందరు రౌటర్‌లో పోర్ట్ తెరుస్తున్నారు. చిక్కంతా అక్కడే!

పోర్ట్ తెరిస్తే ఏమవుతుంది?

రౌటర్‌ను వీధి గుమ్మం అనుకోండి. ప్లెక్స్‌కు 32400, జెల్లీఫిన్‌కు 8096 నంబర్ పోర్టులు మామూలుగా వాడతారు. ఆ తలుపు తెరిస్తే మీ అబ్బాయికే కాదు.. ప్రపంచంలో ఎవరికైనా తెరిచినట్టే. మీరెవరో, మీది ఏ ఊరో హ్యాకర్‌కు తెలియక్కర్లేదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు రాత్రీపగలూ వెతుకుతూనే ఉంటాయి.

లాస్ట్‌పాస్‌లో ఏం జరిగిందంటే..

పాస్‌వర్డ్‌లు దాచే లాస్ట్‌పాస్ సంస్థలో 2022లో భారీ చోరీ జరిగింది. ఆ సంస్థ ఇంజినీర్ ఒకరి ఇంటి కంప్యూటర్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. దారి ఇచ్చింది పాత ప్లెక్స్ సాఫ్ట్‌వేర్. ఆ లోపాన్ని ప్లెక్స్ 2020 మేలోనే సరిచేసింది. కానీ ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ చేయలేదు. హ్యాకర్లు కీలాగర్ పెట్టి, ఆయన టైప్ చేసిన మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. కస్టమర్ల పాస్‌వర్డ్ ఖజానాల బ్యాకప్‌ల వరకు వెళ్లిపోయారు. సినిమాల కోసం పెట్టుకున్న సర్వరే ఆఫీసుకు దారి చూపించింది!

ఏం చేయాలి?

1. రౌటర్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ రెండూ ఆపేయండి. ప్లెక్స్‌లో రిమోట్ యాక్సెస్ అవసరం లేకపోతే అదీ ఆఫ్ చేయండి.

2. బయటి నుంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ వీపీఎన్ వాడండి. టెయిల్‌స్కేల్‌కు పోర్ట్ తెరవక్కర్లేదు. ఒకే ఐపీ అడ్రస్‌ను చాలామందికి పంచే కనెక్షన్లలోనూ పనిచేస్తుంది.

3. సర్వర్ సాఫ్ట్‌వేర్, రౌటర్ ఫర్మ్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. రౌటర్‌తో వచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చేయండి. ప్లెక్స్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి.

4. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే కంప్యూటర్‌లో మీడియా సర్వర్ పెట్టొద్దు.

5. ఫొటోలు, వీడియోల కాపీ ఒకటి విడిగా హార్డ్‌డిస్క్‌లో తీసి పెట్టుకోండి. కాపీ అయ్యాక కేబుల్ తీసేయండి. ర్యాన్సమ్‌వేర్ పడినా పెళ్లి వీడియో పోదు.

తలుపు మూసుకుందా లేదా?

ఫోన్‌లో వైఫై, వీపీఎన్ ఆఫ్ చేసి మొబైల్ డేటా ఆన్ చేయండి. బ్రౌజర్‌లో ఇంటి పబ్లిక్ ఐపీ అడ్రస్, దాని పక్కన కోలన్, పోర్ట్ నంబర్ కొట్టండి. లాగిన్ పేజీ వచ్చిందంటే తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు.

ఎవరో చొరబడ్డారని అనుమానం వస్తే ముందుగా సర్వర్‌కు నెట్ కట్ చేయండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.